మన కాంప్లెక్స్ పిట్టల్లో జబ్బు పాకుతోందా? బెంగళూరులో ఫీల్డ్ పని చేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

పావురం కాలికి బుడిపెలు వచ్చాయి, ఫోటో ఇదిగో, ఏం చేయమంటారు అని నెలకి నలుగురైదుగురు అడుగుతున్నారు. మారతహళ్లి, హెచ్ఎస్ఆర్ లేఅవుట్, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్... ఎక్కువమంది ఇక్కడుంటున్న మన తెలుగువాళ్లే. ఒక్క పిట్ట సంగతైతే చెప్పడం తేలిక. కానీ కొందరు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు: "ఇది నిజంగా పాకుతోందా, లేక మా కళ్లు ఇప్పుడే దాని మీద పడ్డాయా?"

ఆ ప్రశ్నకి ఫోటోతో జవాబు దొరకదు, లెక్క కావాలి. నేను మొదటి ఏడాది చేసిన పొరపాటు కూడా అక్కడే. నెలంతా తిరిగి జబ్బు పావురాలు పద్నాలుగు చూశానని అసోసియేషన్ మీటింగులో చెప్తే, వెనక వరసలో ఒకాయన "ఎన్నిట్లో పద్నాలుగు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బాగున్న పిట్టల్ని నేను అసలు లెక్కపెట్టనే లేదు. ఆ నెల పనంతా వృథా అయింది. మీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

## 1. ఒక్క ప్రశ్న, అదీ చిన్నది

"బెంగళూరు పిట్టలకి ఏమేం జబ్బులున్నాయి" అన్నది మీరూ నేనూ తేల్చగలిగే ప్రశ్న కాదు. "మా కాంప్లెక్స్‌లో పావురాల కాళ్ల మీద, ముక్కు మీద బుడిపెలు వానల తర్వాత పెరుగుతున్నాయా" అన్నది తేల్చొచ్చు. ఒక జాతి, ఒక లక్షణం, ఒక చోటు, ఒక కాలం. ఈ నాలుగూ ఒకే వాక్యంలో పట్టాలి.

మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా పావురం, మశూచి. మన ఊళ్లో కోళ్లకి మశూచి అంటామే, దానికి దగ్గరి వైరస్సే పావురాల్లోనూ ఉంటుంది. దోమ కుట్టినప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి పోతుంది. చర్మం గీసుకుపోయిన చోట జబ్బు పిట్టో, అది వాలిన కడ్డీయో తగిలినా పోతుంది. ఈకలు లేని చోటే ఎక్కువగా బుడిపెల్లా తేలుతుంది కాబట్టి ముట్టుకోకుండా, దూరం నుంచి కనిపిస్తుంది.

అన్ని జబ్బులూ ఇలా కనపడవు. గొంతులో పెరిగే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవినే తీసుకోండి. పెద్ద పావురాలు ఏ లక్షణమూ లేకుండా దాన్ని మోస్తుంటాయి, పిల్లలకి నోట్లో నోరు పెట్టి, గొంతు సంచిలో ఊరే పాలు పట్టేటప్పుడు అంటిస్తాయి. పైనుంచి చూసి దాన్ని లెక్కపెట్టడం కుదరదు. కోళ్ల కొక్కెర తెగులుకి చుట్టమైన వైరస్ పావురాల్లో మెడ మెలి తిప్పేస్తుంది. అది చూడగానే తెలుస్తుంది గానీ అలాంటి పిట్ట మూలన పడి ఉంటుంది, గుంపులో ఉండదు, అందుకని దాని లెక్క వేరేగా రాయాలి.

మొదలుపెట్టేది ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో అయితే మంచిది. బెంగళూరులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు గట్టిగా పడతాయి. అవి పడకముందు లెక్క మీ దగ్గర లేకపోతే, తర్వాత పెరిగిందని దేనితో పోల్చి చెప్తారు?

## 2. చేయి పెట్టకూడని పనులు

అడవి పిట్టల్ని పట్టడం, బోనులో పెట్టడం, కాలికి రింగు వేయడం, రక్తం తీయడం, గొంతులో స్వాబ్ పెట్టడం ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తాయి. రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చేయొద్దు. కాలేజీ ప్రాజెక్టు అయితే పై అనుమతితో పాటు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతీ కావాలి. ఈ గైడులో లెక్కంతా చూపుతో, కెమెరాతో చేసే పని; చచ్చిన పిట్ట, లేవలేని పిట్ట సంగతి చివర్లో విడిగా చెప్తాను. అంతవరకే ఉండండి.

మీ ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. ఎండిన పావురాల రెట్ట దుమ్ములో ఊపిరితిత్తుల్ని పట్టే బూజు జాతులు, చిలుక జ్వరం తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు. పొడి రెట్టని ఎప్పుడూ ఊడవొద్దు. ముందు నీళ్లు చల్లి, నానాక, ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని తీయండి. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఈ పనికి రావొద్దు. వాళ్లకి లెక్కలు రాసే పని ఇవ్వండి.

చికెన్ షాపుకో, కోళ్ల ఫారానికో వెళ్లిన రోజు లెక్కకి వెళ్లొద్దు. జబ్బు పిట్టలున్న చోట తిరిగిన చెప్పులతో అక్కడికీ వెళ్లొద్దు. చెప్పులు ఒక జత ఈ పనికే కేటాయించండి.

## 3. సామాను

ఎక్కువ అక్కర్లేదు.

- 8×42 బైనాక్యులర్. అరువు తెచ్చుకున్నా చాలు.
- జూమ్ ఉన్న ఫోను, చిన్న స్టాండు.
- గట్టి అట్ట పుస్తకం, పెన్సిల్. వాన తుంపరకి పెన్ను రాత చెదిరిపోతుంది.
- గ్లవ్స్, ఎన్95 మాస్కులు, మందపాటి ప్లాస్టిక్ కవర్లు, శానిటైజర్.
- అసోసియేషన్ సెక్రటరీ సంతకం పెట్టిన ఉత్తరం, కన్నడ, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ.

ఆ ఉత్తరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పొద్దున్నే ఆరున్నరకి బైనాక్యులర్ పట్టుకుని బాల్కనీల వైపు చూస్తుంటే ఎవరికైనా కోపం వస్తుంది, రావాలి కూడా. లిఫ్టు పక్కన నోటీసు పెట్టి, మీరు నిలబడే చోట్లు, వచ్చే రోజులు ముందే చెప్పండి. జనం కనిపించే ఫోటోలు అప్పటికప్పుడే తీసేయండి.

## 4. చోట్లు ఎంచుకోవడం

జబ్బు పిట్ట కనిపించిన చోటే నిలబడి లెక్కపెడితే జబ్బు ఎక్కువే వస్తుంది. అందుకని ముందుగా కాంప్లెక్స్‌లో, చుట్టుపక్కల అడ్డవీధుల్లో పావురాలు రోజూ వాలే చోట్లన్నీ ఒక కాగితం మీద రాయండి. నీళ్ల ట్యాంకు పైన, జనరేటర్ గది కప్పు, పార్కు గట్టు, గింజలు చల్లే మూల, ఇలా పాతికో ముప్పయ్యో తేలతాయి. చీటీలు వేసి పది తీయండి. వచ్చినవి నచ్చలేదని మార్చొద్దు. ఎక్కడానికి ప్రమాదమైతే మాత్రం ఇంకో చీటీ తీయండి.

## 5. ఏది బుడిపె, ఏది కాదు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. లెక్క మొదలవక ముందే నిర్వచనం రాసి పుస్తకం మొదటి పేజీలో అంటించాలి. నేను వాడేది: ఈకలు లేని చోట, అంటే కాలి మీద, వేళ్ల మీద, ముక్కు మొదట్లో, కంటి అంచున, చర్మం కంటే స్పష్టంగా పైకి లేచిన బుడిపె.

దగ్గరగా చూస్తే మశూచి బుడిపె మినపగింజంత నుంచి శనగగింజంత దాకా ఉంటుంది. పైభాగం గరుకుగా, గోధుమరంగు పెచ్చు కట్టి ఉంటుంది. పెచ్చు ఊడిన చోట ఎర్రగా తడి కనిపిస్తుంది. ఒకే కాలి మీద రెండు మూడు, వేరే వేరే సైజుల్లో ఉండటం మామూలే. చాలా పిట్టలకి కొన్ని వారాల్లో ఎండి రాలిపోతాయి. నోటి లోపల వచ్చిన రకం మాత్రం ప్రమాదం, అది మనకి బయటికి కనపడదు.

ఇప్పుడు, చూడగానే మశూచో ఇంకో జబ్బో అనిపించినా అది కానివి చూద్దాం.

దారం చుట్టుకున్న కాలు. బెంగళూరు పావురాల్లో ఇది చాలా ఎక్కువ. వెంట్రుకో, మాంజా దారమో వేలికి బిగుసుకుని, దాని ముందు భాగం ఉబ్బి నల్లబడుతుంది, చివరికి వేలు ఊడిపోతుంది. ఫోటోని పెద్దది చేసి వేలి మొదట్లో చూడండి, నొక్కుకుపోయిన గీత ఒకటి ఉంటుంది. మొండి వేలు కనపడగానే మశూచి అని రాయకండి.

తెల్లటి ముక్కు. పెద్ద పావురం ముక్కు పైన సున్నం అద్దినట్టుండే తెల్లటి ఉబ్బు దాని పుట్టుక. నాకు వచ్చే ఫోటోల్లో ఇది తరచూ ఉంటుంది. పిల్ల పావురానికి అది బూడిదరంగులో ఉంటుంది, ముక్కు కూడా మొహానికి మించి పెద్దగా కనిపిస్తుంది. అదీ జబ్బు కాదు.

పొలుసుల కాలు. గోరింకలకి, పిగిలిపిట్టలకి పురుగు పట్టి కాలంతా పొరలు పొరలుగా బెరడు కట్టినట్టు అవుతుంది. మశూచి విడివిడి బుడిపెలుగా ఉంటుంది, ఇది కాలు పొడవునా పరుచుకుంటుంది.

బోడి తల గోరింక. ఈకలు మార్చుకునే రోజుల్లో, పేలు పట్టినప్పుడు తల ఈకలు రాలి పసుపు చర్మం బయటపడుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది, మశూచి మాత్రం కాదు.

ఎండ దెబ్బ. ఏప్రిల్‌లో నోరు తెరిచి రొప్పుతూ కూర్చున్న గద్దకీ కాకికీ ముందు కావాల్సింది నీడ. అయినా ఎండ దెబ్బే అని రాసే ముందు, చుట్టుపక్కల ఇంకేవైనా అలాగే ఉన్నాయా చూడండి.

ప్రతి పిట్టకీ ఒక గుర్తు రాయండి: 0 అంటే సరిగా చూశాను, బుడిపెలు లేవు, 1 అంటే ఉన్నాయి, 2 అంటే అనుమానం, 9 అంటే కాళ్లూ మొహం సరిగా కనపడలేదు. ఆ 9 చాలా ముఖ్యం, ఎందుకో కింద చెప్తాను. అనుమానం వచ్చినవాటి ఫోటోలు ఇద్దరు విడివిడిగా చూసి, ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకుండా రాయాలి. ఇద్దరికీ తేడా వస్తుంటే తప్పు నిర్వచనంలో ఉంది, దాన్ని సరిచేసుకుని అన్ని ఫోటోలూ మళ్లీ చూడండి.

## 6. లెక్క పట్టడం

వారానికి ఒక రోజు, ప్రతి వారం అదే రోజు, పొద్దున 6:30 నుంచి 8:30 లోపు. చోటుకి పది నిమిషాలు. 20 మీటర్ల లోపు పిట్టలే లెక్క. పది చోట్లూ ఒకరివల్ల కాదు, ఇద్దరు పంచుకోండి, వారం వారం చోట్లు మార్చుకోండి. లేకపోతే చోట్ల తేడా ఏదో, మనుషుల కళ్ల తేడా ఏదో విడదీయలేం.

చేసే వరస:

1. వెళ్లి రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి, ఎగిరినవి మళ్లీ వాలనివ్వండి.
2. ఒకేసారి కనిపించిన అత్యధిక సంఖ్యని "మొత్తం" కింద రాయండి. పది నిమిషాల్లో వచ్చిపోయినవన్నీ కూడితే ఒకే పావురాన్ని నాలుగుసార్లు లెక్కేసినట్టవుతుంది.
3. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, వరసగా, ఏ పిట్టనీ వదలకుండా కాళ్లూ మొహం చూడండి.
4. ప్రతిదానికీ 0, 1, 2, 9 లో ఒకటి వేయండి.
5. వాతావరణం, నీళ్ల గిన్నె ఉందా, గింజలు ఉన్నాయా రాయండి.

మూడోది ఎందుకంటే, జబ్బు పిట్ట కదలదు. కిందనే, మనకి దగ్గర్లోనే ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటుంది. ఆరోగ్యంగా ఉన్నది మనం రాగానే లేచిపోతుంది. తేలిగ్గా కనపడేవాటినే చూస్తూ పోతే మన లెక్కలోకి జబ్బువే ఎక్కువ చేరతాయి. ఎడమ నుంచి వరస అని ముందే అనుకుంటే, ఏ పిట్టని చూడాలో మన కన్ను నిర్ణయించదు.

ఒక వరస ఇలా ఉంటుంది: "చోటు 4, 6:50, మబ్బు, మొత్తం 31, సరిగా చూసినవి 18, బుడిపెలు 2, అనుమానం 1." ఇక్కడ నిష్పత్తి 18కి 2, అంతే. 31కి 2 కాదు. మిగతా 13 పిట్టల కాళ్లు మనం చూడలేదు, వాటికి జబ్బు లేదని ఎలా అంటాం? అందుకే ఆ 9 గుర్తు. ఒక చోట 9లు సగం దాటుతుంటే మీరు నిలబడే చోటు బాగాలేదు, ఎండ మీ వీపు వైపు ఉండేలా జరగండి, మారిన తేదీ రాయండి.

ఒక్క జబ్బు పిట్టా కనపడని రోజు కూడా పుస్తకంలో పూర్తిగా రాయాలి. "ఏమీ లేదు కదా" అని వదిలేసిన ఆదివారాలే చివర్లో లెక్కని పాడుచేస్తాయి.

## 7. గిన్నె దగ్గర అరగంట

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. ఫోనుని స్టాండు మీద పెట్టి, నీళ్ల గిన్నెనో గింజల చోటునో అరగంట రికార్డు చేయండి. ఇంటికొచ్చి నిమిషం నిమిషం చూస్తూ రాయండి: ఏ పిట్ట వచ్చింది, ఎంతసేపు, ఎన్ని ఒకేసారి, నీళ్లలో రెట్ట పడిందా, పావురం పోయిన నిమిషంలోనే గోరింకో గువ్వో అదే అంచు మీద వాలిందా.

ఒకసారి మా పార్కు గిన్నె దగ్గర జబ్బు పావురం ఒకటి వాలి, ముక్కు నీళ్లలో ముంచి తాగి, అంచుకి ముక్కు రాసుకుని వెళ్లింది. దాని తడి ఆరకముందే గువ్వ జంట వచ్చి అక్కడే తాగింది. అంతకుముందు నాకు తోచని సంగతి ఆ వీడియోలో కనిపించింది: గింజల దగ్గర తోపులాటే గానీ ముక్కులు కలవడం తక్కువ, నీళ్ల దగ్గరే కలుస్తున్నాయి.

గిన్నె కడగడం వల్ల తేడా వస్తుందా అని తెలుసుకోవాలంటే, కొన్ని గిన్నెల్ని కావాలని మురికిగా వదిలేయొద్దు. అన్నీ కడగండి, కానీ మొదలుపెట్టే వారం మార్చండి: మొదటి రెండు చోట్లు ఈ వారం, తర్వాత రెండు ఇంకో రెండు వారాలకి, అలా. ఆఖరికి అన్నీ శుభ్రమవుతాయి, పోలికా దొరుకుతుంది.

కడిగే పద్ధతి: ముందు బ్రష్షుతో నాచు, రెట్ట మొత్తం తోమేయండి, మురికి ఉంటే బ్లీచ్ పనిచేయదు. ఒక వంతు ఇంట్లో వాడే బ్లీచ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, పూర్తిగా ఎండనివ్వండి. ట్రైకోమోనాస్ ఎండితే చచ్చిపోతుంది, కాబట్టి ఎండబెట్టడం కూడా మందే. బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

పనిలో పనిగా పూలకుండీల కింద పళ్లేలు, ట్యాంకు మూతలు చూసి దోమ పిల్లలున్న చోట్లు కూడా అదే మ్యాపులో గుర్తుపెట్టండి. మశూచికి దోమ దారి ఉంది కాబట్టి ఆ మ్యాపు మీకు తర్వాత పనికొస్తుంది.

## 8. చచ్చిన పిట్ట కనిపిస్తే

ముందు ముట్టుకోకుండా ఫోటో. పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది. అద్దానికి గుద్దుకుందా, కరెంటు తీగ పైన ఉందా, పిల్లి పట్టిందా చూడండి.

- కాకులు రెండు మూడు ఒకేసారి, లేదా వేరే వేరే జాతులు ఒకే చోట, లేదా దగ్గర్లో కోళ్లో బాతులో చచ్చి ఉంటే: అసలు ముట్టుకోవద్దు. పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచి, దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి. అది విషమో బర్డ్ ఫ్లూనో తేల్చేది ల్యాబు. బెంగళూరులో హెబ్బాళలో పశువుల జబ్బుల ప్రభుత్వ సంస్థ ఉంది, బర్డ్ ఫ్లూ నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ ల్యాబులో జరుగుతుంది. 2021 జనవరిలో రాజస్థాన్‌లో, మధ్యప్రదేశ్‌లో బర్డ్ ఫ్లూ బయటపడింది కాకుల చావులతోనే.
- ఒక్క పిట్ట అయితే: డాక్టరుకి ఫోన్ చేసి పరీక్షకి తీసుకుంటారేమో కనుక్కోండి. తీసుకుంటామంటే గ్లవ్స్ వేసుకుని, రెండు కవర్లలో చుట్టి, ఐసు ప్యాకులతో అదే రోజు చేర్చండి. గడ్డకట్టించొద్దు, కణజాలం పాడవుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో అస్సలు పెట్టొద్దు.

## 9. మనుషులతో మాట

మా కాంప్లెక్స్ ఐదో అంతస్తులో రాజమండ్రి నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ ఒకరు రోజూ జొన్నలు వేసేవారు. నా నోటీసు చూసి కిందకి దిగి వచ్చి అడిగారు.

"ఏమ్మా, నేను గింజలు వేస్తేనే వాటికి జబ్బొచ్చిందా?"

"అలా ఎవరూ చెప్పలేరు పిన్నిగారూ. ఒక్కచోటే ఎక్కువ చేరితే ఒకదాని నుంచి ఇంకోదానికి తగలడం తేలిక. మీరు రోజూ ఎన్నింటికి, ఎన్ని గుప్పిళ్లు వేస్తున్నారో నాకు చెప్తారా?"

ఆవిడ ఆ రోజు నుంచి గోడ క్యాలెండరులో టైము రాయడం మొదలుపెట్టారు. నా పుస్తకంలో అంత నిక్కచ్చి లెక్క ఇంకోటి లేదు. తిట్టి మాన్పిస్తే మాత్రం జనం చాటుగా వేస్తారు, అప్పుడు మీకు లెక్కా ఉండదు, మాటా ఉండదు. ఆబ్దికం రోజు కాకికి ముద్ద పెట్టేవాళ్లని ఆపమని అడగొద్దు. గంటలో విస్తరి తీసి చోటు కడిగేయమనండి, ఎవరూ కాదనరు.

వాచ్‌మన్లు, హౌస్‌కీపింగ్ వాళ్లే అందరికంటే ముందు చూస్తారు. పావురాన్ని కన్నడలో పారివాళ అని, కాకిని కాగె అని అంటారు, ఆ రెండు మాటలతోనే సగం పని అవుతుంది. ఊడ్చేవాళ్లకి మాస్కులు మీ ఖర్చుతో ఇవ్వండి, మీకంటే దుమ్ము పీల్చేది వాళ్లే.

## 10. అంకెలు చదవడం

సున్నా వస్తే జబ్బు లేదని కాదు. సరిగా చూసిన పిట్టల సంఖ్యతో 3ని భాగించండి. 60 పిట్టల్లో ఒక్కదానికీ లేకపోతే, 3/60, అంటే అసలు నిష్పత్తి నూటికి 5 దాకా ఉండే అవకాశం ఇంకా ఉంది. 300 చూసి సున్నా వస్తే నూటికి 1 దాకా. దీన్నిబట్టి ఎన్ని చూడాలో ముందే అంచనా వేసుకోవచ్చు.

రెండోది, నాలుగు వారాల్లో 150 చూశామంటే అవి 150 వేరే వేరే పావురాలు కావు, చాలావరకు అవే మళ్లీ వస్తాయి. అందుకని అన్నీ కలిపి ఒక శాతం తీసి సంబరపడొద్దు, కంగారూ పడొద్దు. చోటు చోటుకి విడిగా చూడండి. మేలో ఎంత, అక్టోబరులో ఎంత. పది చోట్లలో ఐదో ఆరో పెరిగితే అది ఊరికే అటూ ఇటూ ఊగడం కావచ్చు. తొమ్మిది చోట్ల పెరిగితే వేరే సంగతి: ఊరికే ఊగడమే అయితే ఒక్కో చోట పెరగడమో తగ్గడమో నాణెం ఎగరేసినట్టే, పదిసార్లు నాణెం ఎగరేస్తే తొమ్మిదో పదో బొమ్మలు పడటం వందకి ఒక్కసారి జరిగే పని. అప్పుడు పెరిగిందని ధైర్యంగా చెప్పొచ్చు. ఎందుకు పెరిగిందో మాత్రం ఈ లెక్క చెప్పదు, మశూచే అని ఖాయం చేసేది ల్యాబు. రిపోర్టులో "మశూచి అనుమానం" అనే రాయండి.

## 11. పెరిగిందని తేలితే

- గింజలు వేయడం కనీసం రెండు వారాలు అందరూ ఒకేసారి ఆపాలి. ఒకరు ఆపి ఇంకొకరు వేస్తే గుంపు అక్కడికి మారుతుంది, అంతే.
- నీళ్ల గిన్నెలు రోజూ కడిగి ఎండబెట్టడం, వాన నీళ్లు నిలిచే పళ్లేలు వారానికోసారి బోర్లించడం.
- లేవలేని పిట్ట ఉంటే గుడ్డ కప్పి అట్టపెట్టెలో పెట్టి వన్యప్రాణుల రెస్క్యూ కేంద్రానికి పంపడం. ఇంట్లో మందులు వేయొద్దు.
- మీ లెక్కలు, ఫోటోలు పశువుల ఆసుపత్రి డాక్టరుకి కాపీ ఇవ్వడం.
- ఆ రెండు వారాలూ, తర్వాత ఇంకో నాలుగు వారాలూ, అవే పది చోట్ల, అదే టైముకి లెక్క ఆపకుండా చేయడం. గింజలు మళ్లీ మొదలుపెట్టిన తేదీ, ఎవరు మొదలుపెట్టారు, ఎన్ని గుప్పిళ్లు, ఇవి కూడా అదే పుస్తకంలో రాయాలి.